బిళ్ళ చెబితే వినని మాస్టారు

పది గంటలకు తనిఖీవాళ్ళు వస్తారు, గ్యాసు సిలిండరు మర తిప్పుతాను, ముల్లు లేస్తుంది, పదకొండుకల్లా అందరం టీ తాగుతాం. ఆ ఉదయం బిళ్ళల మాస్టారి ప్రణాళిక ఇంతే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మనిషి ముక్కుకు అందని ఆ విషవాయువును, ఆయన కొలిమిలో కాల్చి చేసిన ఘన ఎలక్ట్రోలైట్ బిళ్ళ పసిగట్టి మీటరు ముల్లును కదిలిస్తుంది. ఈసారీ కుదరకపోతే ప్రయోగశాలకు తాళం పడుతుంది. తొమ్మిదేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు తలో దిక్కూ పోతారు. ఆ తలపుకే వారం రోజులుగా ఆయనకు ముద్ద దిగడం లేదు.

తనిఖీ పెద్దావిడ, ఆమె సహాయకుడు వచ్చి కూర్చున్నారు. బిళ్ళ వేడెక్కింది. మాస్టారు సిలిండరు మీద చెయ్యి వెయ్యకముందే ముల్లు లేచింది.

బిళ్ళకు ఒక రోగముంది, స్పిరిట్ ఆవిరి తగిలినా గ్యాసేననుకుంటుంది. బల్లలు తుడిచే అక్క మీద విరుచుకుపడ్డారు.

"స్పిరిట్‌తో తుడవొద్దని ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

"వట్టి నీళ్ళే బాబూ. సీసా బీరువాలోంచి తియ్యనే లేదు."

ఆయన నమ్మలేదు, బయట నిలబడమన్నారు. ముల్లు ఇంకాస్త లేచింది. సహాయకుడు పూసుకున్న సెంటు అయ్యుంటుందని బతిమాలి అతణ్ణీ పంపించారు. ముల్లు దిగలేదు. ఇక మిగిలింది పెద్దావిడ. చేతులకేమైనా రాసుకున్నారా అని నీళ్ళు నములుతూ అడిగితే, ఆవిడ ఎగాదిగా చూసి లేచి వెళ్ళిపోయారు.

వాళ్ళ సెంట్లేవీ లోపలికి రాకుండా మాస్టారు తలుపు దగ్గరగా మూసుకున్నారు. ముల్లు ఆ చివరికంటా పోయింది. తల పగిలిపోతోంది, సిగ్గువల్లే అనుకున్నారు. ఇక ఈ బిళ్ళ దేనికీ పనికిరాదని, తొమ్మిదేళ్ళ కష్టాన్ని తన చేతులతోనే తీగలు పీకి పక్కన పెట్టారు.

కిటికీలోంచి ముల్లును చూస్తున్న అక్క తలుపు తోసుకొచ్చి, ఆయన్ని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"ముల్లు గ్యాసని చెబుతూనే ఉంది. మీరు మనుషుల్ని వాసన చూస్తూ కూర్చున్నారు."

గాలి ఆడాక చూస్తే, సిలిండరు మర సరిగా బిగిసి లేదు. క్రితం సాయంత్రం ఒకసారి తిప్పి చూసుకుని, బిగించడం మరిచింది మాస్టారే.

"తప్పు నాదే అక్కా," అన్నారాయన, ఆమె ఒక్కదానికే వినబడేలా.

"అందరి ముందు అన్నారుగా. ఇదీ అందరి ముందే అనండి బాబూ."

అన్నారు. తలెత్తకుండా, సహాయకుడికీ పెద్దావిడకూ కూడా చెప్పుకున్నారు. ఆవిడ అంతా విని, కళ్ళజోడు సర్దుకుని నివేదిక రాశారు. బిళ్ళ పనితీరు సంతృప్తికరం. ప్రయోగశాల కొనసాగవచ్చు. మీటరు చూసే పని మాత్రం బిళ్ళను తయారుచేసినవారికి అప్పగించరాదు.