కదలని రథము, వదలని రాగిణి

మేఘమండలమే పైకప్పుగా, దేవదారు పంక్తులే ప్రాకారములుగా, ఎడతెగని సన్నజల్లే నిత్యాభిషేకముగా వెలుగొందు (వెలుతురు లేదనుకోండి, అయినను వెలుగొందు) సప్తసముద్రముల కావలి బాతెల్ పురవరమున, అక్టోబరు మాసమున, బడి వదలు వేళకు తల్లులెల్లరు తాళపుచెవులు వెదుకుకొను పుణ్యసమయమున, ఒక అపార్టుమెంటు పార్కింగు రణాంగణమందు జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, వినుడు.

ఒక పక్షమున నిలిచినది కారు. అది ఇరువది శీతకాలములను చూచినది, మువ్వురు యజమానుల సహనమును మ్రింగినది, వెండిరంగు వెలసి విభూతివర్ణము దాల్చినది. రెండవ పక్షమున నిలిచినది రాగిణి. ఇంటరు మధ్యలోనే పెండ్లిపీట లెక్కి భౌతికశాస్త్రమునకు శాశ్వతముగా సెలవిచ్చిన విదుషీమణి, నాలుగేండ్ల వేదకు జనని, క్రింద దిండు వేసికొన్నగాని రోడ్డు కానరాని మహోన్నతురాలు, జరుగని ప్రమాదములకు సైతము ముందుగానే ఏడ్చి పెట్టుకొను దీర్ఘదర్శిని.

ఆ కారు గుణమేమందురా? ఆమె భర్త దివాకర్ కీ తిప్పిన, ఉత్తమాశ్వమువలె సకిలించును. మెకానిక్కు ముంగిట మహాసాధ్వివలె మెలగును. రాగిణి ఒంటరిగా కూర్చున్న మాత్రము ఒకనాడు లేచును, ఒకనాడు కిక్కురుమనదు. బ్యాటరీ మార్చిరి. తీగల చివళ్ళు తోమిరి. మెకానిక్కు రెండు దినములు తన షెడ్డున ఉంచుకొని, దీనికేమియు జబ్బు లేదని నవ్వి పంపెను. ఆ నవ్వు తన మీదనేనని రాగిణి నేటికిని నమ్ముచున్నది.

సోమవారము నాడు బడి వాకిట ఆ దుష్టరథము మరల మొండికేసెను. పిల్లలందరు వెడలిపోయిరి. వేద వెనుక సీటున బెల్టులో బందీయై బిస్కట్టు నమలుచుండెను. అంతట రాగిణి యథావిధిగా నమస్కరించి, అనగా పొట్టిచేతికి డాష్‌బోర్డు మీది వినాయకుని పాదములు అందవు గనుక నడుమనున్న గేర్ రాడ్డునే పాదములుగా భావించి, దానిని భక్తితో తన వైపునకు లాగినంత పని చేసి కళ్ళకద్దుకొని, మేఘగంభీరస్వరమున, “ఓరీ లోహకాయా! పసిబిడ్డ ఆకలిగొన్న తరుణమున మాతృహృదయమును పరీక్షింతువా! లెమ్ము, గర్జింపుము, లేదా నా శాపాగ్నికి ఆహుతి కమ్ము!” అని పలుకదలచెను. నోట వెలువడినది మాత్రము “ప్లీజ్ రా నాన్నా, ఒక్కసారి” అనియే. కారు ఆ రెంటిలో దేనిని మన్నింపలేదు.

దివాకర్ మీటింగు విడిచి, టాక్సీలో వచ్చి, రాడ్డును అలవాటుగా ముందుకొక తోపు తోసి కీ త్రిప్పగా అది తక్షణము లేచెను. ఇల్లు చేరిన పిమ్మట అతడు శాసనము జారీచేసెను.

“శనివారం తుక్కువాడు వచ్చి తీసుకెళ్తాడు, మాట్లాడేశాను. నువ్వు టెన్షన్ పడకు. వేద పికప్‌కి ఎవరినైనా అడుగుదాం. గ్రీన్ కార్డ్ సంగతి తేలాక ఇంకోటి చూద్దాం.”

ఆ తేలుట ఏ యుగాంతముననో ఇద్దరికిని తెలియదు. రాగిణికి అది రాజ్యభ్రష్టత్వమే. ఎందుకనగా ఆ బూడిదరంగు డొక్కు వలననే గదా ఆమె ఎవ్వరిని అడుగకుండ లైబ్రరీకి పోవుట, ఎవ్వరిని అడుగకుండ కరివేపాకు తెచ్చుకొనుట. అది పోయిన, బాతెల్ సామ్రాజ్యము ఆమెకు రెండు బెడ్‌రూములుగా కుదించుకొనిపోవును.

క్రింది ఇంటి జ్ఞానప్రసూన ఆంటీ, రిటైరైన డాక్టరు, గోడు విని, “నొప్పి అంటే చాలదమ్మా. ఎప్పుడొస్తోందో, అప్పుడు నువ్వేం చేస్తున్నావో చూసుకో” అనెను. అంతట రాగిణి మహాపరిశోధనకు పూనుకొనెను. వానకని తలచెను, వానలోనే లేచెను. రాహుకాలమని శంకించెను, రాహుకాలముననే పరుగెత్తెను. నీలిరంగు కోటే శని అని కోటును రెండు దినములు బహిష్కరించి చలికి వణకెను.

గురువారము నాడు ఆందోళనచే ఉదయమునుండి ఏమియు తినని ఆ వీరమాత, వేద వదలిన దోసెముక్కను నోట కుక్కుకొనుచు కారెక్కెను. నమస్కరింపబోయి చేయి వెనుకకు తీసికొనెను. ఎంగిలి చేత్తో దేవుని పాదములు ముట్టుటయా? లెంపలు వేసికొందమన్నను ఎంగిలే. చేయునది లేక, ఎడమచేతిని స్టీరింగు క్రిందుగా మెలితిప్పి కీ త్రిప్పెను. కారు బుర్రున లేచెను.

బడికి పోయి, వేదను సీటున కట్టి, సీసా నీళ్ళతో చేయి కడిగి, కృతజ్ఞతాభారముచే మునుపెన్నడు లేనంత గట్టిగా నమస్కరించి కీ త్రిప్పెను. నిశ్శబ్దము. ఎంగిలికి లేచినది శుచికి పడుకొనుటయా! రాగిణి కడిగిన చేతిని చూచెను, ఆ చేయి తాకిన రాడ్డును చూచెను. భర్త తోయు తోపు జ్ఞప్తికి వచ్చి, తానును ముందుకు తోసెను. లేచెను. ఇంటి పార్కింగున మరల లాగెను, పడుకొనెను. తోసెను, లేచెను. ఎంత భయపడిన అంత భక్తి, ఎంత భక్తి అంత లాగుడు. ఇన్నాళ్ళుగా రథమును కట్టివేసినది శనియు కాదు, కోటును కాదు, ఆమె దండమే.

“అమ్మా, ఆర్ వీ గోయింగ్ ఆర్ నాట్?” అని వేద విసుగుకొనెను.

సాయంకాలము దివాకర్‌ను బలవంతముగా క్రిందికి దింపెను. అతని ఎదుట ఆ కారు ఎన్నడును మొరాయించినది లేదు. నేడును లేచెనా, తన మాట నమ్మువారు లేరు, శనివారము తప్పదు. రాగిణి సీటెక్కి కూర్చుండెను. సకల దేవతలను స్మరించి, రాడ్డును లాగి, కళ్ళకద్దుకొని, కీ త్రిప్పెను.

కిక్కురుమనలేదు.

“చూశారా? స్టార్ట్ అవ్వలేదు” అనెను, లాటరీ తగిలినదానివలె.

దివాకర్ వంగి రాడ్డును కదిపి చూచెను. “లూజైపోయింది. ఆటోమేటిక్ కదా, రాడ్డు ముందుకెళ్ళి పార్క్‌లో పూర్తిగా కూర్చోకపోతే స్టార్టర్‌కి కరెంట్ వెళ్ళదు. మెకానిక్ కూడా పట్టుకోలేదే ఇది.” ఫోను తీసి, తుక్కువానికి రావద్దని చెప్పెను. పిమ్మట, “దండం కాస్త దూరం నుంచి పెట్టుకోవే” అనెను.

సకల జనులారా, ఆలకింపుడు. దిగ్విజయులు రథములు నడిపి గెలిచిరందురు. బాతెల్ పురమున, ఏడవ నంబరు పార్కింగు గడియందు, భర్త కన్నులెదుట, తాను కోరిన క్షణమున, తన స్వహస్తముతో, తన కారును స్టార్టు కాకుండ చేసి గెలిచినది రాగిణి ఒక్కతియే. జయము, జయము.