పాదపీఠారోహణ విజయం

సకల రోగార్తజన శరణ్యమూ, స్పిరిట్ గంధ పరిమళితమూ, శీతల వాయుయంత్ర హుంకార నినాదితమూ అయిన ఆపరేషన్ థియేటర్‌లో, గోడ గడియారం తప్ప తక్కినవారందరూ వేళకు వచ్చిన ఒకానొక శుభోదయాన, హరితవస్త్రాచ్ఛాదితుడైన రోగి మత్తుమందు మహిమచేత నిద్రాసాగర గర్భాన శయనించి ఉండగా, మొదలైంది ఆ మహాసంగ్రామం. అది రాజ్యం కోసం కాదు, రత్నరాశుల కోసం కాదు. జానెడెత్తు ఇనప పీట కోసం.

ప్రవేశపరీక్షా పర్వతాలను పిండిచేసి సర్జరీ శిక్షణలో చేరిన వీరాంగన, లోకం చేత పొట్టి డాక్టరని కీర్తింపబడే ఆ అమ్మాయి, ఇన్నాళ్లలో ఆపరేషన్ అనేదాన్ని కళ్లారా చూసి ఎరగదు. తాటిచెట్టు ప్రమాణుడైన పెద్ద సర్జన్ బల్లను తన నడుముకు సరిపడా లేపించుకుంటాడు. అది ఈమె గడ్డానికి తగులుతుంది. ఇక మిగిలిన దర్శనం ఆయన మోచెయ్యి. ఆ గౌను ముడతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇంటి దగ్గర తల్లి, "మా అమ్మాయి ఆసుపత్రిలో కోతలు కోస్తోంది" అని చుట్టాలకు చెప్పుకుంటుంటే, ఆ మాటకున్న రెండో అర్థమే నిజమని ఈమె తలవంచుకునేది.

థియేటర్‌కంతటికీ ఉన్న ఆ ఒక్క పీట మీద, ఆమెతోపాటే శిక్షణలో ఉన్న పెద్ద సర్జన్ మేనల్లుడు కొలువుదీరేవాడు. ఆరడుగుల ఆజానుబాహువుకు పీటెందుకని అడిగే మొనగాడు లేడు.

పెద్ద సర్జన్ ఈమధ్యే ఏదో కోచింగ్ తరగతికి వెళ్లి, వాళ్లిచ్చిన సంచీనీ, నాలుగు మాటలనూ మోసుకొచ్చాడు. రోగి పొట్టలో చేతులుంచి గంభీరంగా పలికాడు:

"వినండి. నేను సర్జన్ని కాను, కోచ్‌ని. ఈ బల్ల చుట్టూ ఉన్నవి ఎనిమిది చేతులు కావు, ఒకటే చెయ్యి. ఒకటే చూపు, ఒకటే ఊపిరి. ఇవాళ లోపల జరిగేది ఎవరికి అర్థమైతే వచ్చేవారం కత్తి వాళ్లకే. అమ్మాయ్, ఏం కనబడుతోంది?"

"మీ మోచెయ్యి సార్."

"ఏకాగ్రత లేదు. ఆ కొక్కెం ఇంకాస్త లాగు."

పొట్ట అంచును పట్టి ఉంచే ఆ కొక్కెం లాగుతూ, ఆమె పక్కకు తిరిగి మెల్లగా అడిగింది. "అన్నా, కాసేపు ఆ పీట ఇస్తావా?"

"నువ్వు పట్టేది కొక్కెం. దానికి కళ్లెందుకు?" అన్నాడు మేనల్లుడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాని విధి ఆ గర్వోన్నతుణ్ణి అతని ఎత్తుతోనే కొట్టింది. తన ముఖారవిందం మీద వెలుగు చాలలేదేమోనని పైదీపం సర్దబోయి, క్రిమిరహితమైన చేతొడుగును, క్రిములున్న దాని అంచుకు తగిలించాడు.

"ముట్టేశారు బాబూ. వెళ్లి చేతులు కడుక్కుని, తొడుగులు మార్చుకు రండి" అంది పనిముట్లు అందించే నర్సు.

అతడు అలా దిగాడో లేదో, చేతులు రెండూ కొక్కేనికి కట్టుబడి, చూపు ఆ మోచేతికే అంకితమై, కిందికి వంగే వీలు గాని, పీటను తాకే హక్కు గాని లేని ఆ ధీర, వేలాడే పచ్చగుడ్డల చీకటిలోకి కుడిపాదాన్ని గూఢచారిలా పంపి, తడిమి, వెతికి, బొటనవేలితో పీట కాలును బంధించి, పళ్లు బిగబట్టి లాగింది. పీట కదలనంది. నర్సు అవతలినుంచి చెప్పుతో ఒక్క తోపు తోసింది. నేల కీచుమంది.

"ఏంటా చప్పుడు?"

"టీంవర్క్ సార్" అంది నర్సు.

ఆమె పీట ఎక్కింది.

పుస్తకాల్లో రంగులద్ది చూపిన లోకం అక్కడ తడిగా, నిగనిగలాడుతూ, రోగి ఊపిరితోపాటు నెమ్మదిగా కదులుతోంది. ఆమె ఒక క్షణం తన ఊపిరి మరిచిపోయింది.

"అంతా శుభ్రం. మూసేద్దాం" అన్నాడు పెద్ద సర్జన్.

"సార్, ఒక్క నిమిషం. మీ ఎడమచేతి వెనకాల రక్తం ఊరుతోంది."

ఆయన చెయ్యి తీసి చూశాడు. ఆ చిన్న నాళాన్ని పట్టి బిగించాడు. ఊరడం ఆగింది. గొంతు సవరించుకున్నాడు.

"చూశారా, కోచింగంటే ఇదీ. మా అల్లుడు పీట వదిలిపెట్టాడు, అదీ త్యాగం. నాకవతల జట్టుతత్వం మీద ఉపన్యాసం ఉంది. కుట్లు నువ్వు వేసెయ్యమ్మా."

కత్తి ఎవరికో చెప్పకుండానే వెళ్లిపోయాడు.

కడిగిన చేతులెత్తుకుని వచ్చిన మేనల్లుడు, "అది నా పీట" అన్నాడు.

"కిందనుంచి కనబడట్లేదా అన్నా?"

అతడు తొంగి చూశాడు. "బాగానే కనబడుతోంది" అని ఒప్పేసుకున్నాడు.

ఇట్లు ఆ పొట్టి డాక్టరు, శత్రుమధ్యాన, ఒంటిపాద పరాక్రమంతోనూ ఒక చెప్పు సాయంతోనూ, జానెడు మేర ఆకాశాన్ని జయించి, అక్కడే నిలబడి మొదటి కుట్టు వేసింది. అది కాస్త వంకరగా వచ్చింది. విప్పి, మళ్లీ వేసింది.