దేవుడి పక్షాన జయరావు

ఆ మంగళవారం ఉదయం జయరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఖరి పీరియడ్ అయిపోకముందే లెక్చరర్ని అడిగి బయటపడాలి, బజారులో తమలపాకులు కొనాలి, పాకాల వెళ్ళే ప్యాసింజరు అందుకోవాలి. సాయంత్రం వాళ్ళ ఇంట్లో ప్రార్థన కూటం ఉంది. వచ్చిన ఆడవాళ్ళకు ఆకూ వక్కా ఇవ్వలేకపోతే అవ్వ సుబ్బులమ్మకు తల కొట్టేసినట్టవుతుంది.

జయరావు తిరుపతిలో కొత్తగా పెట్టిన కాలేజీలో ఇంటర్ చదువుతున్నాడు. తల్లీతండ్రీ చిన్నతనంలోనే పోతే, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన అవ్వే పెంచి పెద్దచేసింది. వాళ్ళ పేటలో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే. అందుకు పేట అంతా గర్వపడేది, జయరావు మాత్రం భయపడేవాడు. క్లాసులో ఎప్పుడూ ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేవాడు. పలకరిస్తే నవ్వడం, పలకరించకపోతే కిటికీలోంచి చూడడం అతని పద్ధతి.

ఆ రోజు ఆఖరి పీరియడ్ తర్కం. పాఠం చెప్పే పరంధామయ్యది చిత్తూరు. మద్రాసులో చదువుకుని వచ్చాడు. మనిషి మెత్తనివాడే గాని, వాదన దొరికితే అన్నం మరిచిపోతాడు. దేవుడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఏడుకొండల కింద కాపురముంటూ ఆ మాట పైకి అనగలిగినవాడు అప్పట్లో ఊళ్ళో ఆయనొక్కడే.

"ఉన్నాడు అనేవాడే రుజువు చెయ్యాలి. లేడు అనేవాడికి ఆ బాధ్యత లేదు" అన్నాడు పరంధామయ్య, బల్ల మీద సుద్దముక్కతో కొడుతూ. "ఈ క్లాసులో దేవుడున్నాడని నాతో వాదించి నిలబెట్టగలిగినవాడు ఒక్కడుంటే లేచి నిలబడండి, చూస్తాను."

సరిగ్గా అప్పుడే స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. అంతసేపూ ఆ కూత కోసమే చెవులు రిక్కించుకుని ఉన్న జయరావుకు లెక్చరర్ మాటల్లో ఒక్కటీ చెవిన పడలేదు. దిగ్గున లేచి నిలబడ్డాడు.

క్లాసంతా వెనక్కి తిరిగింది.

"భేష్! నీ పేరేమిటి?" అన్నాడు పరంధామయ్య.

"జయరావు సార్. నేను... పాకాలకు పోవాల సార్..."

"పాకాల అయితే ఏం? పాకాలవాడికి ధైర్యం ఉండకూడదా? శుక్రవారం సాయంత్రం సభ పెడదాం. దేవుడి పక్షాన నువ్వు, ఎదుటి పక్షాన నేను. సరేనా?"

"అది కాదు సార్, రైలు..."

మిగతా మాట చప్పట్లలో కలిసిపోయింది. ఏం జరిగిందో పక్కవాడు జయరావు చెవిలో చెప్పాడు. ఇప్పుడు కూర్చుంటే దేవుణ్ణి వదిలేసినట్టు, నిలబడితే పట్టుకున్నట్టు. ఏదీ తేల్చుకోలేక తలుపు వైపు నడిచాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

రైలు పెట్టెలో అతని ఎదురుగా పాకాల వెంకటముని కూర్చున్నాడు. సత్రాలకూ పెళ్ళిళ్ళకూ అరిటాకులు వేసే వ్యాపారి. నుదుటి మీద నిలువు నామం, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కబురు. కుర్రాడి ముఖం చూసి సంగతేమిటని గుచ్చి గుచ్చి అడిగాడు. జయరావు సగం చెప్పాడు. మిగతా సగం వెంకటముని తనే పూర్తిచేసుకుని పక్కవాళ్ళకు చెప్పాడు. చంద్రగిరి వచ్చేసరికి సభ పందెమైంది. కోటాల దాటేసరికి, ఓడితే జయరావు కొండెక్కి గుండు కొట్టించుకోవాలని తేలింది. పాకాలలో దిగేటప్పటికి, గెలిస్తే లెక్చరర్ బాప్తిస్మం పుచ్చుకుంటాడని కూడా ఖాయమైపోయింది.

"అన్నా, అట్లంతా ఏమీ లేదన్నా" అన్నాడు జయరావు.

"నువ్వు గమ్ముగుండప్పా. దేవుడు ఎవురిదైతే ఏముండాది? ఆయన లేడని తేలిపోతే నా అరిటాకులు ఎవురు కొంటారు? పాకాలంతా నీ ఎనకాల ఉండాది, పో!"

తమలపాకుల సంగతి జయరావుకు అప్పుడు గుర్తొచ్చింది. వాటికోసం పాకాల బజారంతా తిరిగి ఇల్లు చేరేసరికి వెంకటముని కబురు అతనికంటే ముందే చేరిపోయింది. గుడిసె నిండా జనం. పాదిరిగారు మోకాళ్ళ మీద ఉన్నారు. సుబ్బులమ్మ గడప దగ్గరే మనవణ్ణి వాటేసుకుంది.

"మా నాయనే! అంతమందిలో దేవుని కోసరం లేసి నిలబడినావంట గదరా!"

"అవ్వా, నేను లేసింది..."

"తెలుసు నాయనా. నీకు సెప్పుకునేది తెలీదు. సిన్నప్పటి నుంచీ అంతే నువ్వు" అని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ కళ్ళు చూశాక జయరావుకు రైలు మాట నోటికి రాలేదు. అందరితో పాటు మోకరించాడు. అసలు బాధ అక్కడే ఉంది. కాలేజీలో చేరినప్పటి నుంచీ అతనికి ప్రార్థన కుదరడం లేదు. పెదవులు కదిలేవి, లోపల పరంధామయ్య ప్రశ్నలు తిరిగేవి. ఒక్కోసారి ఆ ప్రశ్నలే సరైనవనిపించేది. ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. అలాంటివాణ్ణి దేవుడు తన తరపున మాట్లాడమని ఎంచుకున్నాడంటే, దేవుడికి మనుషుల కరువు వచ్చిందనుకోవాలి.

గురువారానికి పాకాల కబురు తిరుపతి చేరి పరంధామయ్య వంటింట్లోకి వచ్చింది. ఆయన భార్య వసంతమ్మకు భక్తి ఎక్కువ. శనివారం శనివారం కాలినడకన కొండకు పోయి వస్తుంది. భర్తకు చారు వడ్డిస్తూ, గరిటె గాలిలోనే ఆపి నిలబడిపోయింది.

"మిమ్మల్ని నీళ్ళలో ముంచుతారంట గదా?"

"ఎవరు?"

"కిరస్తానీవాళ్ళు. మీరు దేవుడు లేడంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. తిరిగి తిరిగి ఎప్పటికైనా మన దేవుడి దగ్గరికే వస్తారులే అనుకున్నాను. ఇప్పుడు వాళ్ళ దేవుడి దగ్గరికి పోతారా? పైగా మీకు చన్నీళ్ళు పడవు!"

పరంధామయ్య తర్కశాస్త్రం ప్రకారం విషయాన్ని మూడు భాగాలుగా విడదీసి చెప్పాడు. ఆమె మూడింటికీ ఏడ్చింది. ఆ తర్వాత దేవుడి పటం ముందు కూర్చుంది గాని, ఏమని మొక్కుకోవాలో తోచలేదు. కుర్రాడు గెలిస్తే మొగుడు మతం మారతాడు. మొగుడు గెలిస్తే దేవుడే ఉండడు. చివరికి, శుక్రవారం పెద్ద వాన పడి సభ ఆగిపోవాలని మొక్కుకుంది.

శుక్రవారం ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆగిపోవడానికి బదులు సభ పెరిగింది. ఇంత జనాన్ని మా హాల్లోకి రానివ్వలేమని కాలేజీ పెద్దలు చేతులెత్తేశారు. ఆ మాట టూరింగ్ టాకీసు ఏకాంబరం చెవిన పడింది. "మన డేరా ఉండాది గదప్పా! సభ ఊరికే సూడొచ్చు, ఆ ఎనకాల సినిమాకు మాత్రం టిక్కెట్టు" అన్నాడు. అనడమే కాదు, ఎద్దుబండికి రెండు వైపులా తడికెలు కట్టి, వాటిమీద కాగితాలు అతికించి ఊరంతా తప్పెట కొట్టించాడు. "దేవుడున్నాడా? లేడా? నేడే తేలును!" అని ఆ కాగితాల మీద ఉంది. కింద జయరావు పేరు, పరంధామయ్య పేరు సినిమా తారల పేర్లంత లావు అక్షరాల్లో ఉన్నాయి. ఆ బండి ఎదురైనప్పుడల్లా జయరావు సందులోకి తప్పుకున్నాడు.

సాయంత్రానికి డేరా కిక్కిరిసింది. పాకాల చర్చి సంఘం హార్మోనియంతో సహా రైల్లో వచ్చింది. లెక్చరర్ తడిసిన బట్టలతో ఉండకూడదని పాదిరిగారు కొత్త పంచె కూడా తెచ్చారు. వెంకటముని అరిటాకులవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. ఎవరో ముందుచూపున్నవాళ్ళు క్షౌరం చేసే మునిరామయ్యను కత్తుల పొదితో సహా పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. కొండ దిగి వచ్చిన యాత్రికులు కొందరు, ఇదేదో భజన అనుకుని గుండ్లతో వచ్చి ఇసుకలో చతికిలబడ్డారు. మధ్యలో అడ్డం కట్టిన తడిక అవతల ఆడవాళ్ళలో ఒక చివర సుబ్బులమ్మ, ఇంకో చివర వసంతమ్మ.

తెర ముందు నిలబడ్డ జయరావుకు మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత అవ్వ కనిపించింది. చర్చికి మాత్రమే కట్టే తెల్లచీర కట్టుకుని వచ్చింది. మూడు రోజులుగా బట్టీపట్టిన వాదనలన్నీ ఆ చీర చూడగానే ఎగిరిపోయాయి.

"అందరికీ నమస్కారం" అన్నాడు. "నాకు రుజువు సేసేది తెలీదు. ఆ దినం నేను లేసి నిలబడింది దేవుని కోసరం కాదు. రైలు కూత ఇని, పోయొస్తానని సార్‌ను అడిగేదానికి లేసినాను."

డేరా అంతా పగలబడి నవ్వింది. వెంకటముని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఇంగొక మాట" అన్నాడు జయరావు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నేను నమ్ముతానో లేదో ఇప్పుడు నాకే తెలీదు. శానా దినాలుగా తెలీదు. మా అవ్వ నమ్ముతాది. నేను గెలుస్తానని ఆమె వచ్చి కూసోని ఉండాది. ఆమెను మోసం సేసి గెలిసేది నా వల్ల కాదు."

అతను అక్కడే ఒక స్టూలు మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వెనక బెంచీల నుంచి ఈలలు మొదలయ్యాయి. "గుండు! గుండు!" అని ఎవరో అరిచారు. పదిమంది అందుకున్నారు. మునిరామయ్య ఏం చెయ్యాలో తెలియక పొది విప్పి మళ్ళీ కట్టాడు.

అప్పుడు పరంధామయ్య బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

"ఊరుకోండి! ఇది వాదన. వాదనకు రెండు పక్షాలుండాలి. ఒక పక్షానికి మాట్లాడే మనిషి లేడని అరిచి గెలవడం నాకు చేతకాదు. ఆ పక్షం కూడా నేనే మాట్లాడతాను. తర్వాత దాన్ని నేనే ఓడిస్తాను. వినండి!"

మొదట పుస్తకాల్లోని వాదనలు చెప్పాడు. జనం ఆవలించారు. ఆయనకు అది నచ్చలేదు. ఏ పక్షాన మాట్లాడినా జనం ఆవలించడం ఆయనకు పడదు. కోటు గుండీ విప్పుకుని, తడిక వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మా ఇంటావిడ ప్రతి శనివారం కొండకు నడిచి పోతుంది. చీకటి పడేలోగా దిగి వస్తుందని నా దగ్గర రుజువు లేదు. కాలు జారవచ్చు, పాము కరవవచ్చు. అయినా నేను పొద్దు వాలగానే పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెడతాను. వచ్చి కాళ్ళు కడుక్కోవాలి కదా. రుజువు చూసుకుని నీళ్ళు పెట్టేవాడెవడైనా ఉంటే వాడు నాకంటే పెద్ద తర్కవేత్త, కాని వాడి ఇంట్లో ఆవిడకు మాత్రం వేణ్ణీళ్ళుండవు."

తడిక అవతల వసంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకో సంగతి. ఈ అబ్బాయి అబద్ధమాడి ఉంటే ఈ పూట మీచేత చప్పట్లు కొట్టించుకునేవాడు. నిజం చెప్పి ఈలలు వేయించుకున్నాడు. అంత నిజం నా క్లాసులో ఎవరికీ పట్టుబడలేదు. అది ఎక్కడో ఇంట్లో, ఎవరి ఒళ్ళోనో నేర్చుకున్నాడు. ఆ నేర్పినవాళ్ళు దేన్ని నమ్ముకుని నేర్పారో, దాన్ని లేదు పొమ్మని అనడానికి నాకే కొంచెం..." అని ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఈలలు వేసినవాళ్ళు తలలు దించుకున్నారు. అంతలో గుండ్ల వరుసలోంచి ఒక ముసలాయన "గోవిందా!" అన్నాడు. డేరా అంతా "గోవిందా! గోవింద!" అంది. పాకాల సంఘం వెనకబడడం ఇష్టంలేక హార్మోనియం తీసి కీర్తన ఎత్తుకుంది. వెంకటముని రెండింటికీ తాళం వేశాడు.

"ఆగండి! ఇంకా అయిపోలేదు! ఇప్పుడు దీన్నంతా ఖండిస్తాను!" అని పరంధామయ్య అరుస్తూనే ఉన్నాడు. ఏకాంబరం సినిమాకు వేళయిందని దీపాలు తీయించాడు. ఖండన మొదటి వాక్యం దగ్గర ఉండగానే జనం వెనక నుంచి సినిమా వెలుతురు వచ్చి పడింది. ఆయన కోటు మీద గుర్రాలు పరుగెత్తాయి, చొక్కా మీద ఒక రాజుగారు మీసం దువ్వుకున్నారు. "సార్, కూసోండి సార్, తల అడ్డం!" అని జనం అరిచారు. పరంధామయ్య కూర్చున్నాడు.

స్టేషనులో పాకాల జనం గుంపుగా నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. సుబ్బులమ్మ, జయరావు కొంచెం దూరంగా బల్ల మీద కూర్చున్నారు.

"కోపమా అవ్వా?"

"దేనికి?"

"నాకు నమ్మకం తగ్గిపోయింది గదా."

"అది నాకెప్పుడో తెలుసు. ప్రార్థనలో నువ్వు కండ్లు తెరుసుకోనే ఉంటావు గదా."

జయరావు తలెత్తాడు. "నీకెట్ల తెలుసు?"

"నేనూ తెరుసుకోనే ఉంటిని గాబట్టి" అంది సుబ్బులమ్మ. "నిన్ను సూసుకుంటా ఉంటాను. ఈ పిలగాడు సల్లగా ఉంటే సాలనుకుంటా ఉంటాను. నాకు తెలిసిన ప్రార్థన అంతే." ఆమె అతని చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. "నీకు వచ్చినప్పుడు రానీ. రాకపోతే, నీ వంతు కూడా నేనే సేస్తాలే. నాకేం పనుండాది?"

జయరావు అవ్వ భుజం మీద తల ఆనించాడు. ఆ రాత్రి రైలు ఆలస్యంగా వచ్చింది గాని, అతనికి ఆలస్యమనిపించలేదు.

సోమవారం నుంచి జయరావు మొదటి బెంచీలోకి మారాడు. లెక్చరర్‌తో రోజూ వాదించాడు, చాలాసార్లు ఓడిపోయాడు. వసంతమ్మ ఇంట్లో అతనికి అప్పుడప్పుడు భోజనం కూడా దొరికేది. పాదిరిగారి పంచె, మునిరామయ్య కత్తి వాడకుండానే తిరిగిపోయాయి.

పరంధామయ్య మాత్రం ఆ మిగిలిపోయిన ఖండనను జీవితాంతం వెంటబెట్టుకు తిరిగాడు. తిరుపతిలో ఏ ఇంట వ్రతం జరిగినా ప్రసంగానికి మొదటి పిలుపు ఆయనకే వచ్చేది గాని, ఖండన వినడానికి మాత్రం ఎవరూ పిలవలేదు.