అరవై అడుగుల పూజ జంపఖానా

1988లో ఒక సోమవారం పొద్దున, వరంగల్‌లోని జంపఖానాల సొసైటీలో గుమాస్తా సారంగపాణి కొత్త కంప్యూటర్‌కు బొట్టు పెట్టాడు. సి భాషలో అతను రాసిన ప్రోగ్రాం ఆర్డర్లు చదివి నేతగాళ్లకు చీటీలు అచ్చేస్తుంది.

"ఒక్క చీటీ తప్పైనా మిషన్ వాపస్, నువ్వూ వాపస్" అన్నాడు ప్రెసిడెంట్ రాజేశ్వర్ రావు.

ఆర్డరులో రంగు, పొడుగు గుర్తులు ఒకే మాటగా ఉంటాయి. వాటిని విడదీసి చదివేది గెట్ఆప్ట్ అనే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్క. ఎన్నో మాట దగ్గరుందో చెప్పే దాని 'ఆప్ట్‌ఇండ్' అంకెను మళ్లీ ఒకటి చేస్తే కొత్త ఆర్డరును మొదటి నుంచి చదువుతుంది. ముందుగా పరీక్షించి చూసిన కాలేజీ మిషన్ మీద అలాగే చదివింది కనుక సారంగపాణి నిశ్చింతగా చాయ్ తాగాడు.

మొదటి ఆర్డరు మొగిలి ఇంటి పెళ్లిది: నీలం, అరవై అడుగులు. నీలం రంగు నిండుకుందని ప్రోగ్రాం దాన్ని సగంలోనే, పొడుగు చదవకుండానే వదిలేసి రెండోదానికి వెళ్లింది. అది పోశవ్వది: పూజలో కూర్చోవడానికి ఎరుపు, రెండడుగులు.

ఇరవై రోజులకు పోశవ్వ ఇంటిముందు నేతగాడు రాయమల్లు బండి ఆపి చుట్ట విప్పాడు. ఆ తెల్ల జంపఖానా వాకిలి దాటి, పక్కింటి బర్రెను దాటి సందు మలుపు దాకా పోయింది. పోశవ్వ కొంగు నడుముకు దోపింది.

"నేను కూసునేతందుకు అడిగిన్రా, ఊరంత కూసునేతందుకు కాదు!"

"నాకూ అనుమానమొచ్చిందవ్వా. గని చీటీ మిషన్ రాసింది. మిషన్‌ను ఎదురడుగుతమా?"

కబురు విని సారంగపాణి ప్రోగ్రాం ముందేసుకున్నాడు. వెతికితే తప్పు దొరికింది. ఆప్ట్‌ఇండ్ ఒకటికి వచ్చింది కానీ, మాట మధ్యలో ఆగిన చోటు గెట్ఆప్ట్ కడుపులోనే ఉండిపోయింది. మొగిలి అరవై అడుగులు పోశవ్వకు అంటుకున్నాయి, ఆమె గుర్తులు ఎగిరిపోయి, రంగు లేని చీటీ తెల్ల జంపఖానా అయింది. ఆ చోటును కాలేజీ మిషన్ తుడిచేసేది, ఇది తుడవలేదు.

ఇంట్లో భార్య సోమక్క మగ్గం మీద పోగులు అతుకుతూ అంతా విన్నది. "పాత పోగులు ఒడువకముందే కొత్తయి ఎక్కిస్తే గిట్లనే అయితది."

సారంగపాణి ఆఫీసుకు పరుగెత్తాడు. వదిలేసిన ఆర్డరును కూడా చివరిదాకా చదివించి, ఆ తర్వాతే అంకెను ఒకటి చేశాడు. రెండు మిషన్ల మీదా సరిగ్గా నడిచింది.

మర్నాడు ఉద్యోగం పోయిందనుకుంటూనే ఆఫీసుకు వచ్చాడు. అప్పటికే మొగిలి కేకలేస్తున్నాడు.

"రేపే పెండ్లి! నా అరవై అడుగుల జంపఖానా ఏది?"

రాజేశ్వర్ రావు సారంగపాణి వైపు తిరిగాడు. అంతలో పోశవ్వ తిప్పి పంపిన చుట్టతో రాయమల్లు దిగాడు. మొగిలి రంగు కూడా చూడకుండా దాన్ని బండికెత్తించాడు.

"మనం మరిచినా మిషన్ మరువలే!" రాజేశ్వర్ రావు సారంగపాణి భుజం తట్టాడు. "ఇగ దాన్ని ముట్టకు. ఎట్లున్నదో అట్లనే ఉండాలె."

మరమ్మతు నిన్ననే అయిందని చెప్పే ధైర్యం లేక, ఆ మరమ్మతును సారంగపాణి గుట్టుగా తీసేశాడు.

రెండడుగుల ఎరుపు చీటీ ఎన్నడూ రాక, పోశవ్వ ఇప్పటికీ గోనెసంచి మీదే కూర్చుని పూజ చేస్తోంది.