ఇరవై రెండు కుళాయిల పశ్చాత్తాపం

నేరం చేయడానికేముంది, ఏ పనీపాటా లేనివాడైనా చేస్తాడు. చేసిన నేరానికి నిబంధనల ప్రకారం కుమిలిపోవడమే అసలు విద్య. పదకొండేళ్లు పరిశోధించి ఈ సంగతి కనిపెట్టిన జైళ్ల మనస్తత్వ విభాగం, వంద మార్కులకు పశ్చాత్తాప పరీక్ష ప్రవేశపెట్టింది. అరవై దాటితే మిగతా శిక్ష మాఫీ. (గ్రేసు మార్కులు లేవు. దయాదాక్షిణ్యాలు వేరే విభాగం చూస్తుంది.)

మన ప్లంబరుకు వచ్చింది సున్నా.

ఓ అపార్టుమెంటులో ఇరవై రెండు ఇత్తడి కుళాయిలు పోయాయి. వారం ముందు వాటిని బిగించింది ఇతనే కాబట్టి, విప్పింది కూడా ఇతనేనని తేల్చి రెండేళ్లు వేశారు. అతను లోపలికి వచ్చాకే కూతురు పుట్టింది. మొన్న ములాఖత్‌లో భార్య, "పిల్ల అడుగులేస్తోందయ్యా. మీటర్ చూడ్డానికొచ్చినాయన్ని నాన్నా అంది. నువ్వెప్పుడొస్తావ్?" అని బావురుమంది. అప్పట్నుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

"కుళాయిలు విప్పుతున్నప్పుడు మీకేమనిపించింది?" అని అడిగింది పరీక్ష పెట్టే మేడమ్.

"నేను విప్పలేదు మేడమ్."

"నిరాకరణ" అని రాసుకుంది మేడమ్. అతను ఏడ్చాడు. నేరం ఒప్పుకోకముందే వచ్చిన కన్నీళ్లు స్వార్థం కిందికి వస్తాయి కనుక వాటికీ మార్కులు పడలేదు.

జైల్లో అతని గదిలోనే ఉండే ముసలి దొంగను అందరూ మాస్టారు అంటారు. ఈ పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ తొంభై పైన తెచ్చుకున్న అనుభవశాలి. (మూడుసార్లూ తిరిగొచ్చాడు.)

"నిజం చెబితే వదులుతారనుకున్నావా, వెర్రినాయనా? చేశానను. తల దించు. పది దాకా లెక్కపెట్టి అప్పుడు ఏడువు."

వారం రోజులు సాధన చేయించాడు. ఏ అంతస్తులో మొదలుపెట్టాలో, ఏ కుళాయి మొండికేసిందో కూడా ఆయనే చెప్పాడు. ప్లంబరు మాత్రం పనివాడి మనసు ఊరుకోక, "మెయిన్ వాల్వు కట్టకుండానే విప్పానా మాస్టారూ?" అని ఒకసారి నొచ్చుకున్నాడు.

రెండోసారి తొంభై ఒకటి! ఆ సాయంత్రమే విడుదల. ప్లంబరు మాస్టారి చేతులు పట్టుకుని, "మీ పుణ్యమా అని నా బిడ్డను చూసుకుంటాను" అన్నాడు. ముసలాయనకు ఏమైందో ఏమో, తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లి, "ఆ కుళాయిలు ఎత్తుకెళ్లింది నేనమ్మా. ఈ అబ్బాయికేం తెలీదు" అన్నాడు.

మేడమ్ వెంటనే పరీక్ష పెట్టింది. ముసలాయన మాట తడబడింది, లెక్కపెట్టడం మరిచిపోయాడు, ముక్కు కారింది. పధ్నాలుగు మార్కులు. శాస్త్రీయంగా చూస్తే ఆ బాధలో నిజం లేదు.

పైగా ఒక నేరానికి ఒక్కరే పశ్చాత్తాపపడాలని నిబంధన. మేడమ్ ప్లంబరును పిలిపించింది.

"చెయ్యలేదంటే చెప్పండి. ఫైలు మొదట్నుంచి తెరుస్తాం. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది, అందాకా ఇక్కడే ఉంటారు. చేశానంటే ఈ పూటే ఇంటికెళ్లొచ్చు."

మాస్టారు అతని వంకే చూస్తున్నాడు. ప్లంబరు కళ్లముందు ఇంకా చూడని కూతురు తప్పటడుగులు వేసింది.

"నేనే చేశాను మేడమ్."

అలాగైతే మాస్టారు చేసింది పరాయివాడి నేరాన్ని కాజేసే ప్రయత్నం. అది దొంగతనం కిందే వస్తుంది. అదనంగా ఏడాది. ఫిర్యాదు మీద సొత్తుదారు సంతకం కావాలి, సొత్తుదారు ప్లంబరే.

"పెట్టేయ్ నాయనా, పిల్ల ఎదురుచూస్తుంటుంది" అన్నాడు మాస్టారు.

సంతకం పెడుతుంటే ప్లంబరు చెయ్యి వణికింది. మేడమ్ అది గమనించి, అతని మార్కులకు మరో మూడు కలిపింది.