పాపం తేనెటీగలు!

మే నెల రాగానే మా ఆవిడ మార్లిస్‌కి తోట పూనకం వస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద జాబితా అంటిస్తుంది: లైలాక్ పూలు రాలగానే కొమ్మలు కత్తిరించడం, హోస్టా దుబ్బులు విడదీసి నాటడం, టమాటా నారుకు ఎండ అలవాటు చేయడం, వారం వారం గడ్డి కోయడం. అదే నెల రెండో శనివారం సరస్సుల్లో చేపల వేట మొదలవుతుంది. మా మిన్నెసోటాలో ఆ రోజు ఇంట్లో కూర్చున్న మగాడిని డాక్టరుకు చూపిస్తారు.

ఆ చిక్కులో ఉండగా రేడియోలో ఎవరో పుణ్యాత్ముడు చెప్పాడు, మే నెలంతా గడ్డి కోయకుండా వదిలేస్తే తేనెటీగలకు మేలట. ఆనందంతో నా కళ్ళు చెమర్చాయి.

"మార్లిస్, ఈ నెల మనం గడ్డి కొయ్యట్లేదు. పాపం తేనెటీగలు."

"వాటి మీద నీకు ప్రేమ ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించి. బయటపడలేదంతే."

"పోయినేడు ఒకటి కుట్టిందని చీపురుతో వీధి చివరిదాకా తరిమావుగా!"

"అప్పటికి మాకింకా సరిగ్గా పరిచయం లేదు."

ఆవిడ నవ్వి ఊరుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ నవ్వి ఊరుకున్న ప్రతిసారీ నా కొంప మునిగింది. అయినా నాకు బుద్ధి రాలేదు. "తేనెటీగల కోసం మే నెలంతా గడ్డి కొయ్యం" అని మార్లిసే స్వయంగా బోర్డు రాసి ఇంటి ముందు పాతింది. తన మొక్కల సంఘం ఆడవాళ్ళు చూడటానికి వస్తే, మూగజీవాల మీద దయ గురించి నేను అరగంట ఉపన్యాసం దంచాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నాలుగు శనివారాలూ సరస్సు మీదే గడిపాను. గడ్డి మోకాళ్ళు దాటింది. ముందు నీళ్ళ గొట్టం మాయమైంది, తరవాత తోటలో పెట్టిన సిమెంటు మరుగుజ్జు బొమ్మ. పక్కింటి డ్వేన్ గడ్డిని స్కేలుతో కొలిచి కోసే రకం. కంచె మీంచి కేకేశాడు.

"గురూ, మా పిల్లి మీ గడ్డిలో దూరి రెండ్రోజులైంది. ఉందంటావా?"

"ఇందాక తోక కనబడింది."

జూన్ ఒకటి, ఆదివారం. రెండు గంటల్లో కోసేసి సరస్సుకు పోదామని గడ్డి కోసే మిషను తాడు లాగాను. అది మూడడుగులు నడిచి, గడ్డి మింగలేక ఆగిపోయింది. డ్వేన్ తాతగారి పొడుగుకర్ర కొడవలి అడిగి తెచ్చుకుని, నడుం పడిపోయేలా సగం కోశాను. మిగతాది రేపు చూద్దామని ఇంటి పక్కన ట్రెయిలర్ మీదున్న పడవ దగ్గరికి వెళితే, దానికో కొత్త బోర్డు వేలాడుతోంది: "చేపల కోసం జూన్ నెలంతా గాలం వెయ్యం."

"ఇదేమిటి మార్లిస్?"

"పాపం చేపలు. సంఘంలో అందరికీ చెప్పేశాను. నీ ఉపన్యాసం విన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కాదని చెప్పిరానా?"

 

"మరి పడవ నెలంతా ఊరికే పడుండాలా?"

"ఎందుకుంటుంది? నేనూ మా చెల్లెలూ షికారుకి తీసుకెళ్తున్నాం. నువ్వు లైలాక్‌తో మొదలుపెట్టు."

కారు వెనకాల ట్రెయిలర్ మీద పడవ వీధి మలుపు తిరిగింది. డ్వేన్ పిల్లి గడ్డిలోంచి బయటికొచ్చి, నా పక్కన కూచుని ఆశగా మొహంలోకి చూసింది. ఈ నెల చేపల్లేవని దానికెలా చెప్పాలో నాకు తెలియలేదు.