లూషియస్ గొంతుకు స్వస్థత

ఆ శనివారం లూషియస్ గైటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే రేడియో స్టేషన్‌కు గొంతు పోయిందని ఫోన్ చేయాలి, ఒంటిగంటకు ఊరి ఉత్సవంలో పెద్ద వేదిక మీద పాడాలి. మిసిసిపీ డెల్టాలో సగం జీవితం, చర్చివాళ్ళు సైతాను పాటలనే బ్లూస్ పాడి, అది కూడు పెట్టక రేడియోలో కబుర్లు చెప్పుకుంటున్న మనిషి. అతన్ని వినడానికే మెంఫిస్ నుంచి రికార్డుల కంపెనీ ఆసామి వస్తున్నాడు. మళ్ళీ రాడు. మేనేజరు ప్రూయిట్ మాత్రం, "ఇంకొక్కసారి ఎగ్గొట్టావో, ఇక ఆ గిటారే వాయించుకో" అనేశాడు. శనివారాలు ప్రూయిట్ చేపలు పట్టడానికి పోతాడు, ఉత్సవం ఛాయలకు రాడు. అదే ధైర్యం.

ఫోన్ ఎత్తింది భక్తిపాటల కార్యక్రమం నడిపే సిస్టర్ ఎర్నెస్టీన్. "అయ్యో నాయనా! నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాగా" అంది. చూసుకుంది. తొమ్మిదింటికి రేడియోలో మంచం పట్టినవాళ్ళ పేర్లు చదివే ప్రార్థనలో మొదట అతని పేరే చదివింది.

పదికల్లా ఇంటికి మూడు గిన్నెల కోడి సూపు వచ్చింది. పదిన్నరకు చర్చి పెద్ద వచ్చి, "గొంతుకు కోత పెడతారటగా?" అన్నాడు. పదకొండుకు అది కేన్సరైంది. బ్యాండులో బాస్ గిటార్ వాయించే డెల్‌రాయ్ ఏడుస్తూ వచ్చాడు. నిజం చెబుదామని లూషియస్ నోరు తెరిచాడు. డెల్‌రాయ్ వెనకే, చేపల వేట మానుకుని వచ్చిన ప్రూయిట్, చేతిలో నాలుగో గిన్నె. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"దిగులు పడకన్నా. ఇవాళ నీ పాటలన్నీ నేను పాడతా" అన్నాడు డెల్‌రాయ్. వాడు పాడితే కుక్కలు వీధి వదిలిపోతాయి.

ఒంటిగంటకు అతన్ని వేదిక మీద కుర్చీలో కూలేసి దుప్పటి కప్పారు. ముందు వరసలో మెంఫిస్ ఆసామి, పక్కనే ప్రూయిట్. తన పాటల్ని డెల్‌రాయ్ నమిలి ఊస్తుంటే లూషియస్‌కు కన్నీళ్ళు ఆగలేదు. అది చూసి జనమూ ఏడ్చారు. ఎర్నెస్టీన్ గబగబా మెట్లెక్కి అతని గొంతు మీద చెయ్యి వేసింది.

"ప్రభువా, ఈ గొంతు తెరువు!"

లూషియస్‌కు అప్పుడు తట్టింది. స్వస్థత! ఉద్యోగమూ నిలుస్తుంది, పాటా దక్కుతుంది. దుప్పటి విసిరేసి, లేచి గొంతెత్తాడు. మైదానమంతా "హల్లెలూయా!" అని హోరెత్తింది. ప్రూయిట్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. లూషియస్ గిటారు లాక్కుని, విస్కీ గురించీ లేచిపోయిన పెళ్ళాం గురించీ తను కట్టిన పాట మొదలెట్టాడు.

ఎర్నెస్టీన్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టింది. "దేవుడు గొంతు తిరిగిచ్చి అయిదు నిమిషాలు కాలేదు, అప్పుడే సైతాను పాటా? సిగ్గులేదట్రా నీకు?"

మైదానం గుడ్లప్పగించి చూస్తోంది. ప్రూయిట్ కూడా. లూషియస్ స్తుతిగీతం ఎత్తుకున్నాడు. పోతున్న అవకాశం తాలూకు ఏడుపంతా అందులోనే పోశాడు. మూడు చరణాలు అయ్యేసరికి మెంఫిస్ ఆసామి కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అద్భుతం బాబూ. కాకపోతే మేం చర్చి పాటలు తీసుకోం" అని కారెక్కాడు.

బ్లూస్ పాడినన్నాళ్ళూ లూషియస్‌కు ఆ స్తుతిగీతానికి పడినన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు.